బయానా తీసుకున్నవారికి ఒక శ్రోత లేఖ

గౌరవనీయులైన సంగీత కచేరీల నిర్వాహకులకు, టికెట్లు అమ్మే సంస్థల బాధ్యులకు,



“విదేశాల నుంచి రమ్మని మేం ఎవరినీ పిలవలేదు కదండీ.” మీలో ఒక సంస్థ సహాయ కేంద్రంలో పనిచేసే అమ్మాయి ఫోన్‌లో నాతో అన్న మాట ఇది. ఆమె గొంతులో విసుగు లేదు, వెటకారం లేదు. ఎవరో రాసిచ్చింది చదివినట్టు చెప్పింది. అందుకే ఆమె మీద నాకు కోపం రాలేదు. రాసిచ్చినవాళ్ల మీద వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లు ఇది తమకు కాదని పేజీ తిప్పేస్తారు. మీలో చాలామంది అమ్మే టికెట్ల కింద, చిన్న అక్షరాల్లో, అదే మాట ఇంకో రూపంలో ఉంటుంది: తేదీ, వేదిక మారవచ్చు, ప్రయాణానికీ బసకూ అయిన ఖర్చుతో నిర్వాహకులకు సంబంధం లేదు. ఆ వాక్యాన్ని నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో చెప్పడానికే ఈ ఉత్తరం.

నాది తిరుమలగిరి. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. జనగామ నుంచి సూర్యాపేట పోయే దారిలో ఉన్న ఊరు. నేను సర్కారు బడిలో టీచర్‌ను. మా నాయిన ముప్పై ఏళ్లకు పైగా చుట్టుపక్కల ఊళ్లకు మైకుసెట్టు కిరాయికిచ్చి బతికినవాడు. తుంగతుర్తి, అర్వపల్లి, మోత్కూరు, నూతనకల్లు ఊళ్లల్లో లగ్గమైనా, బతుకమ్మైనా, గుడి పండుగైనా మా వాకిట్లోకి మనిషి వచ్చేవాడు. కరెంటు లేని చోటికి బ్యాటరీ మోసుకొని పోయేవాడు నాయిన. హారన్లను వేపచెట్టుకు కట్టి, రికార్డు పెట్టి, సూది దించి, పందిట్లో అందరికీ పాట వినిపించేవాడు. తను మాత్రం ఏనాడూ ఏ కళాకారుడినీ ఎదురుగా కూచొని వినలేదు.

ఏ సంగీత దర్శకుడి రికార్డులను అరిగేదాకా తిప్పాడో ఆయనను ఒక్కసారి చూస్తూ వినాలన్నది నాయిన కోరిక. ఆయన హైదరాబాద్‌లో కచేరీ చేసినప్పుడు నాయినకు కంటి ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నాడు. తరవాత సింగపూర్‌లో కచేరీ అని తెలిసింది. అక్కడ మా చిన్నమ్మ కొడుకు ఉద్యోగం చేస్తున్నాడు. “అక్కా, నాయినను తీసుకొని రా, నేను చూసుకుంటా” అన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి అప్పుడు మొదటి పాస్‌పోర్టు తీయించాం. పోలీసు విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌కు నాయిన కుర్చీ వేసి, ఎందుకు పోతున్నాడో అరగంట చెప్పాడు. టికెట్లు, విమానం, వీసా, బస, పైఖర్చులు కలిపి నా మూడు నెలల జీతం అయింది. నేను దానికి ఏమీ బాధపడలేదు. ఆయన నన్ను చదివించింది ఆ మైకుసెట్టు కిరాయితోనే.

శుక్రవారం పొద్దున దిగాం. కచేరీ శనివారం సాయంత్రం. శుక్రవారం రాత్రి పది కావస్తుంటే ఫోన్‌కు సందేశం వచ్చింది. అనివార్య కారణాల వల్ల వాయిదా, కొత్త తేదీ త్వరలో ప్రకటిస్తాం, మీ సహనానికి ధన్యవాదాలు. అంతే. సోమవారం మా తిరుగు విమానం.

నాయిన మంచం మీద కూచొని అడిగాడు. “వాన పడుతున్నదా ఆడ?”

“లేదు నాయినా.”

“పెద్దాయనకు పానం బాగలేదా?”

“అట్ల రాయలేదు.”

కొంచెంసేపు ఏమీ అనలేదు. తరవాత, “మరి బయానా తీసుకున్నరు గద బిడ్డా?” అన్నాడు.

అయ్యా, అమ్మా, ఆ ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను. బయానా అంటే మా వైపు ఏమిటో మీకు తెలియకపోవచ్చు. లగ్గం పెట్టుకున్నవాళ్లు మైకుసెట్టుకో, బ్యాండుకో, పందిరికో తేదీ చెప్పి చేతిలో పెట్టే ముందు పైకం అది. ఇరవై రూపాయలే కావచ్చు. అది పుచ్చుకున్నాక ఆ రోజు ఆ మనిషిది కాదు. ఒకసారి నాయిన ఆంప్లిఫయర్ కాలిపోయింది, తెల్లారితే లగ్గం. రాత్రికి రాత్రి సైకిల్ మీద మోత్కూరు పోయి, ఇంకొకరి సెట్టును తనకు వచ్చే కిరాయి కంటే ఎక్కువిచ్చి తెచ్చి కట్టాడు. పెళ్లివారికి ఆ సంగతి తెలియదు కూడా. “నీ బయానా నీకు ఇస్త, ఇంకెవరినన్న చూసుకో” అనవచ్చు కదా అని నేను పెద్దయ్యాక అడిగాను. “లగ్గానికి వచ్చినోళ్లకు ఏం జెప్తరు బిడ్డా, వాళ్లు బండ్లు కట్టుకొని వచ్చిండ్రు గద” అన్నాడు.

మైకుసెట్టు కిరాయికిచ్చే మనిషికీ స్టేడియం అద్దెకు తీసుకునే సంస్థకూ పోలికేమిటని మీరు అనుకోవచ్చు. ఇద్దరిదీ ఒకే వృత్తి. నలుగురిని ఒక చోటికి రప్పించి పాట వినిపించడం. మరి ఇరవై రూపాయలు తీసుకున్న మనిషికి ఉన్న బాధ్యత, నెలల ముందే వేల మంది నుంచి పూర్తి పైకం వసూలు చేసుకున్న మీకు ఎందుకు లేదు?

మీ మొదటి మాటకు వద్దాం. మమ్మల్ని మీరు పిలవలేదా? మీ టికెట్ పేజీలో ఫోన్ నంబరు గడికి ముందు దేశం కోడ్ ఎంచుకునే పెట్టె ఎందుకు ఉంది? భారతదేశంలో తీసుకున్న కార్డుతో చెల్లింపు ఎందుకు ఒప్పుకున్నారు? ప్రపంచం నలుమూలల నుంచి అభిమానులు తరలివస్తున్నారని మీ ప్రకటనల్లో మీరే ఎందుకు రాసుకుంటారు? హోటల్ గదినీ టికెట్‌నూ కలిపి ప్యాకేజీలుగా ఎవరి కోసం అమ్ముతున్నారు? పక్క వీధిలో ఉండేవాడికి హోటల్ గది ఎందుకు?

మీరే కాదు, ప్రభుత్వాలే పిలుస్తున్నాయి. 2024 మార్చిలో టేలర్ స్విఫ్ట్ సింగపూర్ నేషనల్ స్టేడియంలో ఆరు రాత్రులు పాడింది. ఆగ్నేయాసియాలో ఇంకెక్కడా పాడకుండా సింగపూర్‌లోనే పాడేందుకు కొన్ని ప్రోత్సాహకాలు ఇచ్చామని అప్పటి ప్రధాని లీ సియెన్ లూంగ్ బహిరంగంగానే చెప్పాడు. ఎందుకు ఇచ్చారు? పక్క దేశాల శ్రోతలు విమానమెక్కి వచ్చి, హోటళ్లలో దిగి, అక్కడి అంగళ్లలో ఖర్చు పెడతారనే కదా. మన దేశంలో 2025 జనవరిలో కోల్డ్‌ప్లే బృందం నవీ ముంబయిలోనూ అహ్మదాబాద్‌లోనూ పాడినప్పుడు ముంబయి, అహ్మదాబాద్‌ల మధ్య పశ్చిమ రైల్వే ప్రత్యేక రైళ్లు నడిపింది. ఆ నెలాఖరులో భువనేశ్వర్‌లో ప్రధానమంత్రి ఆ కచేరీలనే ఉదాహరణగా చూపి, కచేరీల ఆర్థిక వ్యవస్థకు దేశంలో ఎంత అవకాశం ఉందో చెప్పారు. అంటే మా ప్రయాణం లెక్కలోకి వస్తూనే ఉంది. కచేరీ జరిగితే మా విమాన చార్జీ, మా హోటల్ బిల్లు మీ విజయగాథలో అంకెలు. స్పాన్సర్ల దగ్గర, పర్యాటక శాఖల దగ్గర మీరు చూపించే లాభం. కచేరీ జరగకపోతే అదే చార్జీ, అదే బిల్లు మా సొంత గోల అవుతున్నాయి. ఒకే ప్రయాణానికి ఈ రెండు లెక్కలు ఎట్లా కుదురుతాయో చెప్పగలరా?

వాయిదా అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. నల్లగొండ జిల్లా రైతుకు ఈ మాట బాగా తెలుసు. భూమి కేసులో కోర్టు మెట్లెక్కి, వాయిదా పడిందని విని, బస్సెక్కి తిరిగి రావడం ఎన్ని తరాలుగా చూశామో. వాయిదా వేసినవాడికి అది క్యాలెండర్‌లో ఇంకో గడి. దూరం నుంచి వచ్చినవాడికి ఆ రోజు కూలి, ఆ రోజు చార్జీ, ఆ రోజు తిండి పోయినట్టే. సింగపూర్‌లో ఉండే మా తమ్ముడికి అది నిజంగా వాయిదా. ఆరు వారాల తరవాత ఆఫీసు నుంచి నేరుగా పోయి విన్నాడు కూడా. నాకూ మా నాయినకూ అది రద్దు. మాకు ఇంకో సెలవు లేదు, ఇంకో విమాన చార్జీ లేదు. ఒకే సందేశం పంపి, అందరికీ ఒకే మాట రాసి, అది అందరికీ ఒకటేనని మీరు ఎట్లా అనుకుంటారు?

వాయిదా, రద్దు అన్న మాటల మధ్య తేడాలో ఎంత డబ్బు దాగి ఉంటుందో మీకు మాకంటే బాగా తెలుసు. కోవిడ్ వచ్చిన 2020లో అమెరికాలో టికెట్‌మాస్టర్ సంస్థ తన వెబ్‌సైట్‌లో వాపసు నిబంధన మాటలు మార్చిందని పెద్ద గొడవ జరిగింది. రద్దయితేనే వాపసు, వాయిదా పడితే కాదు అన్నట్టుగా ఉంది ఆ మార్పు. కొత్త తేదీ ఎప్పుడో తెలియని వేల కచేరీలకు ప్రజల డబ్బు అట్లాగే ఉండిపోయింది. అక్కడి ప్రతినిధుల సభ సభ్యులు కూడా తప్పుపట్టాక, మే నుంచి కొంత దారి తెరిచారు. వాయిదా అని పేరు పెడితే పైకం మీ దగ్గరే ఉంటుంది, రద్దు అంటే తిరిగివ్వాలి. కొత్త తేదీ చేతిలో లేకుండానే వాయిదా అని ప్రకటించే ప్రతిసారీ ఈ అనుమానం మాకు రాకుండా ఎట్లా ఉంటుంది?

మన దగ్గరి సంగతే చూడండి. 2023 ఆగస్టు 12న చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఏ.ఆర్. రెహమాన్ కచేరీ జరగాలి. వాన వల్ల అదే రోజు వాయిదా వేశారు. కచేరీ రోజు పొద్దున నిద్ర లేచేసరికి బయటి ఊళ్ల శ్రోత ఎక్కడ ఉంటాడు? రైల్లో ఉంటాడు, లేదా అప్పటికే చెన్నైలో దిగి ఉంటాడు. సెప్టెంబరు 10న మళ్లీ పెట్టారు. ఆ సాయంత్రం ఏం జరిగిందో దేశమంతా చూసింది. టికెట్ చేతిలో ఉన్నవాళ్లు లోపలికి పోలేక తిరిగి వచ్చారు, ఆడవాళ్లూ పిల్లలూ తొక్కిసలాటలో నలిగారు, గంటల తరబడి రోడ్డు మీద వాహనాలు ఆగిపోయాయి. రెహమాన్ స్వయంగా ముందుకు వచ్చి, లోపలికి రాలేకపోయినవాళ్లను తమ టికెట్ ప్రతులు పంపమన్నాడు. పాట కట్టినవాడు జవాబు చెప్పాడు. మొదటి తేదీకి ఒకసారి, రెండో తేదీకి ఒకసారి, రెండుసార్లు దారి ఖర్చు పెట్టుకొని, రెండుసార్లూ పాట వినకుండా తిరిగిపోయిన మనిషి ఉంటే అతని సంగతి ఎవరు చూశారు?

వాయిదా వేయడమే తప్పని నేను అనడం లేదు. 2010 జూన్‌లో రెహమాన్ అమెరికా పర్యటనలో డెట్రాయిట్ దగ్గర పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో వేదిక మీద దీపాల కట్టడం కూలిపోయింది. అక్కడి కచేరీ, తరవాతివి మరికొన్ని వెనక్కి జరిగాయి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతం అది. చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి గంటల కొద్దీ కారు నడుపుకొని రావాలనుకున్నవాళ్లు ఎందరో. కానీ జనం లేనప్పుడు కూలింది, అదే మేలు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో పర్యాటకులను చంపినప్పుడు, 27న చెన్నైలో జరగాల్సిన అరిజిత్ సింగ్ కచేరీ ఆపేసి పైకం వాపసు ఇస్తామన్నారు. ఎవరు తప్పుపడతారు? గొంతు బాగలేకపోతే పాడమని ఏ శ్రోత అడుగుతాడు? కారణం చెప్పండి చాలు, సగం కోపం అక్కడే పోతుంది. అనివార్య కారణాలు అన్న రెండు మాటల వెనక్కి పోయి దాక్కున్నప్పుడే, అమ్ముడుపోని టికెట్లే ఆ అనివార్య కారణమా అని మాకు అనిపిస్తుంది. మా నాయినకు ఇప్పటికీ ఎందుకు వాయిదా వేశారో ఎవరూ చెప్పలేదు. ఆయన అడిగిన రెండు ప్రశ్నలకు జవాబివ్వడానికి మీకు ఎంత ఖర్చవుతుంది?

2024 ఆగస్టులో వియన్నాలో జరిగింది మీలో ప్రతి ఒక్కరూ చదవాలి. ఎర్నస్ట్ హాపెల్ స్టేడియంలో 8, 9, 10 తేదీల్లో టేలర్ స్విఫ్ట్ కచేరీలు. దాడికి పథకం వేశారని తెలిసి, 7వ తేదీ రాత్రి మూడూ రద్దు చేశారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో అప్పటికే వచ్చి చేరిన పిల్లలు వీధుల్లో ఏడుస్తూ నిలబడ్డారు. నిర్వాహకులు పది పనిదినాల్లో టికెట్ పైకం వాపసు అని అప్పుడే ప్రకటించారు. దానితో ఆగలేదు ఆ ఊరు. కచేరీ టికెట్ చూపిస్తే మ్యూజియంలు ఉచితంగా లోపలికి రానిచ్చాయి. దుకాణాలు, హోటళ్లు తమకు తోచింది ఇచ్చాయి. కార్నీలియస్‌గాసె అనే వీధిలో వందల మంది చేరి తామే పాడుకున్నారు. మా ఊరికి వచ్చిన మనిషి ఉత్త చేతులతో పోకూడదని ఒక నగరం అనుకుంది. ఆ రద్దులో తప్పు నిర్వాహకులదీ కాదు, ఆ ఊరిదీ కాదు, అయినా బాధ్యత ఎవరూ వదులుకోలేదు. మా నాయిన సింగపూర్‌లో శనివారం సాయంత్రం ఏం చేశాడో తెలుసా? హాలు ఎట్లా ఉంటుందో చూస్తానన్నాడు. మూసిన తలుపుల ముందు మెట్ల మీద అరగంట కూచున్నాం. మాలాగే వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. మలేసియా నుంచి బస్సులో వచ్చిన ఒక కుటుంబం ఉంది. మీ మనిషి ఒక్కరు, ఒక్కరైనా, ఒక బల్ల వేసుకొని అక్కడ కూచొని ఉంటే ఎంత బాగుండేది! ఆ తలుపు మీద ఒక కాగితం కూడా అంటించలేదు.

డబ్బు సంగతి త్వరగా చెప్తాను. నలభై మూడు రోజులకు టికెట్ పైకం వచ్చింది. కన్వీనియెన్స్ ఫీజు పట్టుకున్నారు. ఎవరి సౌకర్యానికి తీసుకున్నట్టు? ఏ సేవ అందిందని ఉంచుకున్నట్టు? రైలు రద్దయితే ఆన్‌లైన్ టికెట్ పైకం అడగకుండానే ఖాతాలో పడుతుంది. విమానం రద్దయితే యూరప్‌లో 2004 నాటి నియమం ప్రకారం సంస్థ తప్పును బట్టి, దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా పరిహారం ఇవ్వాలి. మన దేశంలో కూడా సమయానికి చెప్పకుండా రద్దు చేసిన విమానానికి పరిహారం ఉంది. కచేరీకి మాత్రం ఏమీ లేదు. వీసా రుసుము సాధారణంగా ఏ దేశమూ తిరిగివ్వదు. యూరప్ షెన్‌గెన్ వీసాకు 2024 జూన్ నుంచి 90 యూరోలు, పైగా ఎక్కువసార్లు మనం చెప్పిన తేదీలకే ఇస్తారు. మీరు తేదీ జరిపితే వీసా జరగదు. ప్రయాణ బీమా జబ్బుకూ చావుకూ పనికొస్తుంది, కచేరీ వాయిదాకు సాధారణంగా పనికిరాదు. అన్ని తలుపులూ మూసి ఉన్న గదిలోకి మమ్మల్ని తోసి, మీ తలుపు కూడా మూసుకుంటున్నారు.

చట్టం మీ వైపే ఉందని అనుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో స్పష్టంగా రాశారు. వినియోగదారుడిని నష్టపెట్టే అసమంజసమైన షరతు, సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని తెంచుకునే వీలు, ఇవన్నీ అందులోకి వస్తాయి. అలాంటి షరతులు చెల్లవని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు ఉంది. వ్యాపారి ఊళ్లో కాకుండా వినియోగదారుడు తానున్న చోటే ఫిర్యాదు చేసుకోవచ్చని కూడా ఆ చట్టమే చెప్పింది. అయినా నేను కోర్టుకు పోలేదు. విదేశీ సంస్థ మీద ఇక్కడ కేసు ఎట్లా నడుస్తుంది? సింగపూర్‌లో చిన్న దావాల ట్రిబ్యునల్‌కు పర్యాటకులు కూడా పోవచ్చు, కానీ సోమవారం విమానం ఉన్న మనిషి ఎప్పుడు పోతాడు? మేం కోర్టుకు రాలేమన్న ధైర్యంతోనే కదా ఆ చిన్న అక్షరాల వాక్యం అట్లా నిలబడి ఉంది!

విదేశాలకు పోయి పాట వినేవాళ్లంటే డబ్బున్నవాళ్లని మీలో కొందరి లోపలి మాట. పోగొట్టుకుంటే ఏమవుతుందిలే అన్న ధీమా. దుబాయిలో కచేరీకి వచ్చేవాళ్లలో వారానికి ఒకే సెలవు ఉన్న కూలి మనుషులు ఉంటారు. పక్క ఎమిరేట్ నుంచి బస్సులో వచ్చి, రాత్రి మళ్లీ బస్సులో పోయి, పొద్దున్నే పనిలో దిగేవాళ్లు. వాళ్లకు సెలవు లేని రోజుకు మీరు తేదీ మారిస్తే ఆ టికెట్ కాగితం ముక్క. అమెరికాలో చదువుకునే పిల్లలు నలుగురు కలిసి పెట్రోలు ఖర్చు పంచుకొని రాష్ట్రాలు దాటి వస్తారు. 2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా ‘వాలియంట్’ సింఫనీని రాయల్ ఫిల్‌హార్మొనిక్ ఆర్కెస్ట్రా వాయించిన రోజున ఆ హాల్లో కూచోవాలని ఎన్ని ఊళ్ల మనుషులు ఎన్నేళ్లు కాచుకొని ఉంటారో ఊహించండి. అది చెప్పిన రోజుకు చెప్పిన చోట జరిగింది. జరగకపోయి ఉంటే ఆ మనుషులకు ఇంకో రోజు దొరికేదా?

ఇంకో రోజు. ఈ మాట మీకు తేలిక. మేం ప్రేమించే గొంతులకు, చేతులకు వయసు మీద పడింది. కోవిడ్ వల్ల 2020లో ఎన్నో కచేరీలు తరవాతి ఏడాదికి జరిగాయి. ఆ 2020లోనే సెప్టెంబరు 25న గాయకుడు బాలసుబ్రహ్మణ్యం పోయాడు. ఆ రోజు మా నాయిన మూలకు పడి ఉన్న ఆంప్లిఫయర్‌ను బయటికి తీసి, దుమ్ము తుడిచి, పొద్దుగూకేదాకా పాటలు పెట్టాడు. వీధి వీధంతా వాకిళ్లలో నిలబడి విన్నది. ఆయన పాడుతుండగా చూడాలని ఎప్పుడో అప్పుడు అనుకుంటూ గడిపినవాళ్లమే అందరం. అప్పటి నుంచే నాకు భయం పట్టుకుంది. ఆ భయంతోనే నాయినను విమానం ఎక్కించాను. వేదిక మీద ఉన్నవారి వయసును మీరు ఇన్సూరెన్సు కాగితాల్లో లెక్కపెడతారు. కింద కూచునేవారి వయసును ఎప్పుడైనా లెక్కపెట్టారా?

మేం అడిగేది పెద్దదేమీ కాదు. హాలు, పోలీసు, అగ్నిమాపక శాఖల అనుమతులు, కళాకారుల వీసాలు చేతికి రాకముందు ఒక్క టికెట్ కూడా అమ్మకండి. రాని అనుమతి మీద నమ్మకంతో మా డబ్బుతో జూదం ఆడే హక్కు మీకు లేదు. తేదీ జరపక తప్పకపోతే కారణాన్ని కారణంగా రాయండి. కొత్త తేదీ తెలియకపోతే వాయిదా అనకండి, రద్దు అనండి. కొత్త తేదీ ఉన్నా సరే, దానికి రాలేనివారికి పూర్తి పైకం, కన్వీనియెన్స్ ఫీజుతో సహా, అడగకుండానే వారంలో ఇవ్వండి. బయటి దేశం నుంచి కొన్న టికెట్లు ఎన్నో మీ కంప్యూటర్‌కు తెలుసు. తేదీ అనుమానంలో పడ్డ మొదటి గంటలోనే వాళ్లకు చెప్పండి, విమానం ఎక్కకముందే ఆగిపోతారు. హోటల్‌కూ విమాన సంస్థకూ చూపించుకోవడానికి సంతకంతో ఒక ఉత్తరం ఇవ్వండి. దానితో కొందరికైనా కొంత వెనక్కి వస్తుంది. మీ తప్పు వల్లే కచేరీ ఆగితే, దూరం నుంచి వచ్చినవారి ఖర్చులో ఒక వంతు మీరు మోయండి. ఆ వంతు ఎంతో టికెట్ మీదే ముందుగా రాయండి. రాయలేకపోతే, దూరం వాళ్లు రావొద్దని పెద్ద అక్షరాల్లో రాయండి. అప్పుడు ఎన్ని టికెట్లు అమ్ముడుపోతాయో మీరే చూడండి.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఈ ఉత్తరం ప్రతి పంపుతున్నాను. టికెట్ల వెనుక వాక్యాలను తెప్పించుకొని చదవమని అడుగుతున్నాను. అయితే ముందు మీ జవాబే కావాలి. చట్టం చెప్పిందాకా ఆగాల్సిన పని కాదిది. మోత్కూరుకు సైకిల్ తొక్కిన రాత్రి మా నాయినకు ఏ చట్టమూ చెప్పలేదు.

సింగపూర్ కచేరీకి కొన్న టికెట్ల ప్రింటు నాయిన దగ్గరే ఉంది. రికార్డుల పెట్టెలో, ఆ సంగీత దర్శకుడి రికార్డుల మధ్య పెట్టుకున్నాడు. పైకం వాపసు వచ్చింది కదా, ఇక అది ఎందుకని అడిగితే, “వాళ్లు మళ్ల పిలుస్తరేమో బిడ్డా” అన్నాడు. ఆయనకు నేను ఏం చెప్పాలో రాసి పంపండి. మీ జవాబును ఆయనకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మైకుసెట్టు ఇంటి కూతురు,
తిరుమలగిరి, సూర్యాపేట జిల్లా